తెర మీద పసివాడు

చివరి టికెట్టు చింపి సగం డబ్బాలో వేసి, అతను నల్ల తెరను రెండు చేతులా లాగి తలుపు మూశాడు. ఏళ్ళ తరబడి గేటు దగ్గర నిలబడి మోకాళ్ళు అరిగాయి. చింపీ చింపీ బొటనవేలు కాయకాసింది. ఆ హాల్లో ఆడిన సినిమాలన్నీ అతనికి చెవులతోనే తెలుసు. ఈ వారం సినిమా మాత్రం చెవిన కూడా పడకూడదనుకున్నాడు. చిన్నపిల్లవాడి చేతికి తుపాకీ ఇచ్చి యుద్ధానికి తోలే కథ.

"ఈ సినిమా చల్లగా ఉండాలన్నా! ఏడ్చినవాళ్ళంతా రెండేసి టీలు తాగుతున్నారు," అన్నాడు క్యాంటీనువాడు. "నువ్వేంటి, మొహం గంటు పెట్టుకున్నావ్?"

"పన్ను నొప్పి."

అప్పుడే భార్య వచ్చింది. చిన్నతనంలో సైనికులకు మూటలు మోశానని పెళ్ళైన కొత్తలో ఆమెకు చెప్పాడు. ఆమె నమ్మింది. చలికాలం వస్తే ఇప్పటికీ అతని భుజాలకు నూనె రాస్తుంది.

"అచ్చం మీ కథేనటగా. ఒక్కసారి నా పక్కన కూర్చోండి."

కాదనలేక చివరి వరుసలో కూర్చున్నాడు.

తెర మీద పిల్లవాణ్ణి బడిలోంచి ఈడ్చుకుపోయారు. కొట్టారు, మత్తు పెట్టారు. చివరికి వాడు తిరిగొస్తే తల్లి వాకిట్లోనే వాటేసుకుంది. హాలంతా ముక్కులు చీదిన చప్పుడు. భార్య అతని చెయ్యి పట్టుకుంది.

"వాడి తప్పేముందండీ? పసివాడు."

లైట్లు వెలిగాయి. జనం వెళ్ళిపోయారు. అతను లేవలేదు.

"నన్నెవరూ ఈడ్చుకుపోలేదు," అన్నాడు. "నేనే వెళ్ళాను. బూట్లిస్తారన్నారు."

"మూటలు మోయడానికేగా?"

"మూటల్లేవు. మా వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. సైనికులు ఆయన కోసం వెతుకుతుంటే, ఇల్లు నాకు తెలుసన్నాను. నా గొంతు విని తలుపు తీశాడు. 'నువ్వా నాన్నా, ఇంత పొద్దున్నే' అన్నాడు. కాల్చింది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు. పెద్దవాళ్ళు చూస్తున్నారు కదా, శభాష్ అంటారని..."

ఆమె ఖాళీ తెరనే చూస్తూ ఉండిపోయింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఆయనకి పిల్లలున్నారా?"

"ఒక కూతురు. మెట్ల మీద నిలబడి చూసింది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటోంది. ఒకసారి బస్సులో మా ఊరికి, ఆ వీధిదాకా వెళ్ళాను. దిగడానికి కాళ్ళు రాలేదు."

"మీరప్పుడు పసివాడే కదా అని నేను సరిపెట్టుకుంటాను," అంది ఆమె లేస్తూ. "నేను సరిపెట్టుకుంటే సరిపోతుందా? ఆ మాట అనాల్సింది ఆ పిల్ల కదండీ."

సాయంత్రం ఆటకు గేటు క్యాంటీనువాడికి అప్పగించి అతను ఇంటికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"తలుపు తీయకపోతే?" అన్నాడు గడపలో ఆగి.

"తీసేదాకా నిలబడండి."

"పోలీసుల్ని పిలిస్తే?"

"పిలవనివ్వండి."

తోడు వస్తానని ఆమె అనలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చింది.

మర్నాడు ఆ ఊరి పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు.

"తలుపు తీసింది. అంతా విన్నది. క్షమించానని అనలేదు. స్టేషన్‌కి వెళ్తానన్నాను. ఇక్కడిదాకా నా పక్కనే నడిచొచ్చింది. నేను రావడం ఆలస్యమవుతుంది. ఎదురుచూడకు."

ఆమె ఫోన్ పెట్టేసింది. అద్దం కింది చెక్క మీద అతని దువ్వెన ఉంది. దాని పళ్ళ మధ్య రెండు తెల్ల వెంట్రుకలు ఫ్యాను గాలికి కదులుతున్నాయి.