వెనక రెండు చక్రాలు

"నాలుగూ అమ్మ కారుకే వేసెయ్యి," అన్నాడు డేల్, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ. "మన సైజు మంచు టైర్లు మళ్లీ ఎప్పుడొస్తాయో షాపువాడికే తెలీదట. అంతదాకా నిన్ను నేను దింపుతాలే."

"నువ్వా? లారీ ఎక్కాక ఎప్పుడు దిగుతావో నీకే తెలీదు," అంది రోండా.

డేల్ కౌంటీ రోడ్ల విభాగం వాళ్ల మంచు తోసే లారీ నడుపుతాడు. ఆ ఏడు మంచు తొందరపడింది. వేటకి వెళ్లినవాళ్లు అడవిలోంచి తిరిగి రాకముందే రోడ్డుకి రెండు పక్కలా గట్లు లేచాయి. షాపులో నాలుగే టైర్లు మిగిలితే డేల్ అవి కొనుక్కొచ్చాడు. ఇంట్లో కార్లేమో రెండు. ఒకే కంపెనీవి, ఒకే సైజు చక్రాలవి. ఒకటి రోండాది, ఒకటి అత్తగారు వియెనోది.

పొయ్యి దగ్గర కాఫీ పోసుకుంటున్న వియెనో ఇటు తిరిగింది. "నా మాట ఎవరు వింటారు గానీ, హాయిగా చక్రాలకి గొలుసులు కట్టుకోండి. మా నాన్న గొలుసులు కట్టుకునే గనికి వెళ్లొచ్చేవాడు. డిక్కీలో రెండు ఇసక బస్తాలు. అంతే."

"ఉప్పు చల్లి మంచు కరిగించిన రోడ్డు మీద గొలుసులతో పోతే ఆ కుదుపుకి హెల్మీ పిన్ని కట్టుడుపళ్లు ఊడి చేతిలోకొస్తాయమ్మా."

"రానీ. ఆ ఒక్కరోజైనా నోరు మూసుకుంటుంది."

డేల్ నవ్వుతూ వెళ్లిపోయాడు. రోండాకి నవ్వు రాలేదు. ఆమె స్కూలు వంటగదిలో పనిచేస్తుంది. కిందటి చలికాలం కారు మూలపడితే రోజూ పని అయ్యాక స్కూలు వరండాలో కోటు వేసుకుని నిలబడేది. డేల్ ఎప్పుడొస్తాడా అని, ఎవరైనా అటువైపు వెళ్తున్నారా అని. జాలిపడి ఎక్కించుకున్నవాళ్లు దారి పొడుగునా తమ కష్టాలు చెప్పేవారు. ఆమె వినాల్సి వచ్చేది. మళ్లీ అలా నిలబడనని అప్పుడే అనుకుంది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో జాకీ పెట్టి మొదట వియెనో కారు ముందు రెండు చక్రాలకి మంచు టైర్లు వేసింది. తర్వాత వెనక చక్రాల వైపు వెళ్లకుండా జాకీని తన కారు దగ్గరికి ఈడ్చుకెళ్లింది.

అదేం కొత్త సంగతి కాదు. ఆమె నాన్న ఎన్నడూ నాలుగు మంచు టైర్లు కొనలేదు. బండిని ఏ చక్రాలు లాగితే వాటికే రెండు. ఆ వీధిలో అందరిదీ అదే పద్ధతి. నాన్న ట్రక్కుకి వెనక చక్రాలు లాగేవి కాబట్టి వెనక వేసేవాడు. ఈ కార్లని ముందు చక్రాలు లాగుతాయి కాబట్టి ముందు వేస్తే సరి. లెక్క బాగానే ఉందనిపించింది. అలా వేస్తే బండి ముందుకి పోతుంది గానీ మలుపులో దాని తోక పట్టు లేక జారిపోతుందని డేల్ ఎవరితోనో ఫోనులో అనడం ఆమె విన్నది. నట్లు బిగిస్తున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది కూడా. బిగించేసింది.

వంటింటి కిటికీ తెరుచుకుంది. "వేసేశావా అమ్మాయ్?"

"అయిపోయింది అత్తయ్యా."

గురువారం వియెనో ఎప్పటిలాగే చెల్లెలు హెల్మీని ఎక్కించుకుని చర్చికి బయల్దేరింది. చర్చి కింది గదిలో ఆడవాళ్లంతా చేరి అమ్మకానికి మాంసం, దుంపలు కూరిన పేస్టీలు చుడతారు. కొండ దిగే మలుపులో కారు గిర్రున తిరిగి, వెనక భాగంతో వెళ్లి మంచు గట్టులో దిగబడింది. వియెనోకి నుదురు బొప్పి కట్టింది. హెల్మీకి మణికట్టు విరిగింది.

కారుని గొలుసేసి లాక్కొచ్చి పెరట్లో వదిలారు. సాయంత్రానికే చక్రాలు మంచులో మునిగిపోయాయి. వాటిని ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తోచలేదు కూడా. నడిపింది ముసలావిడ. ఊరికి ఆ ఒక్క కారణం చాలు.

"బ్రేకు మీద కాలేశావా అమ్మా?" అన్నాడు డేల్.

"వేశానేమో. వెయ్యలేదనే అనుకున్నాను." వియెనో నుదుటి మీద ఐసు సంచి పట్టుకుని కూచుంది. "ఏమోరా. గుర్తు రావడంలేదు."

"సరేలే, దాని గురించి బాధపడకు. ఇక నువ్వు నడపొద్దు. మా లారీ షెడ్డులో ఒకతని కూతురు కారు కోసం చూస్తోంది. శనివారం వచ్చి చూసుకోమంటాను."

వియెనో పోట్లాడుతుందని రోండా ఎదురుచూసింది. పోట్లాడితే బాగుండుననుకుంది. పాలవాడితో, పాస్టరుతో, టీవీలో వాతావరణం చెప్పేవాడితో కూడా పోట్లాడే మనిషి, సంచీలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి కొడుకు వైపు జరిపింది.

డేల్ దాన్ని కేలండరు పక్కన మేకుకి తగిలించాడు. రోండా గిన్నెలు కడుగుతూనే ఉంది. ఇప్పుడు చెప్పెయ్యాలనుకుంది. అత్తగారు పడుకున్నాక డేల్‌కి ఒక్కడికే చెప్పాలనుకుంది. అతను అలిసిపోయి వచ్చాడు, రేపు చెప్పొచ్చనుకుంది.

మర్నాడు స్కూలు నుంచి వస్తూ సూపు తీసుకుని హెల్మీ ఇంటికి వెళ్లింది. అదే మలుపులో తన కారు తోక కూడా పక్కకి జారింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అక్కణ్నించి హెల్మీ ఇంటిదాకా నడక వేగంతోనే నడిపింది.

ఆమె ఇంకా గుమ్మంలో ఉండగానే, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూచున్న హెల్మీ మొదలుపెట్టింది. "రా రా. సూపా? మీ అత్త చేసిందా, నువ్వు చేశావా? నువ్వే అయితే తింటాను. దానికి ఉప్పు వెయ్యడం రాదు."

"నేనే చేశాను పిన్నీ. నొప్పి ఎలా ఉంది?"

"చెయ్యి సంగతి వదిలెయ్. పొద్దున ఫోను చేసి ఏడ్చిందే మీ అత్త! చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, మొగుడు పోయినప్పుడు కూడా నా ముందు ఏడవలేదు అది. బ్రేకు తొక్కావా, తొక్కలేదా అని నన్నడుగుతుంది. నేను పక్కనే కూచున్నాగా! తొక్కలేదు. నెమ్మదిగానే పోతున్నాం. వెనకాల ఎవరో పట్టుకుని తిప్పేసినట్టు తిరిగింది బండి. చెబితే నమ్మదే."

రోండా సూపు గిన్నె బల్ల మీద పెట్టి, అవసరం లేకపోయినా మూత సర్దింది.

ఇంటికి వచ్చేసరికి వియెనో వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉంది. వేళ్లతో ఒక్కొక్క మీటా ముట్టుకుంటోంది.

"కట్టేశానంటావా, అమ్మాయ్?"

"కట్టేసే ఉంది అత్తయ్యా."

"ఇందాక కూడా చూశాను. చూశాననే అనుకుంటా." మెల్లగా అంది, "రొట్టె పిండిలో ఏలకులు వేశానో లేదో కూడా తెలీలేదు. కొంచెం నోట్లో వేసుకుని చూశాను. డేల్ డాక్టరుకి చూపిస్తానంటున్నాడుగా. చూపించనీ. ముందే తెలిస్తే మంచిదే."

రోండా కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

భోజనాల దగ్గర డేల్ రేపు వచ్చేవాళ్ల గురించి చెబుతున్నాడు. బంపరు సొట్ట చూపిస్తానని, ఇంజనుకి ఏమీ కాలేదని. వియెనో బంగాళాదుంపని ఫోర్కుతో చిదుపుతోంది గానీ తినడంలేదు.

"ఆ కారుకి నేను రెండే వేశాను," అంది రోండా.

"ఏవి రెండు?"

"మంచు టైర్లు. ముందు రెండు చక్రాలకే. మిగతా రెండూ నా కారుకి వేసుకున్నాను."

డేల్ ఫోర్కు కింద పెట్టాడు. "నాలుగూ అని చెప్పానా, లేదా?"

"చెప్పావు."

"తోక తిరుగుతుందని తెలీదా నీకు?"

"తెలుసు." రోండా పళ్లెం పక్కకి జరిపింది. "మా నాన్న అలాగే వేసేవాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ తెలుసు. మళ్లీ ఒకళ్ల కారు కోసం ఎదురుచూస్తూ నిలబడడం నావల్ల కాదనిపించింది."

డేల్ ఏదో అనబోయాడు. వియెనో చెయ్యెత్తింది. ఆమె కోడలినే చూస్తోంది. నుదుటి మీద బొప్పి పసుపుపచ్చగా మారింది.

"అయితే నేను బ్రేకు తొక్కలేదన్నమాట."

"లేదత్తయ్యా. హెల్మీ పిన్ని కూడా అదే చెప్పింది."

"అది చెబుతూనే ఉంది. నేనే నమ్మలేదు." బల్ల మీద పడిన రొట్టె పొడిని చేత్తో ఒక కుప్పగా చేసింది. "టైర్ల సంగతి సరే. అడిగితే నేనే ఒప్పుకునేదాన్నేమో. ఎవరికి తెలుసు? కానీ ఇందాక నేను పొయ్యి మీటలు తడుముకుంటుంటే పక్కనే ఉన్నావు. డాక్టరు మాట అన్నప్పుడూ ఉన్నావు. కట్టేసే ఉంది అత్తయ్యా అన్నావు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాలేదా నీ నోట్లోంచి?"

వియెనో జవాబు కోసం ఆగలేదు. లేచి మేకుకున్న తాళంచెవి తీసుకుని చొక్కా జేబులో వేసుకుంది.

"రేపు ఎవర్నీ రావద్దను," అంది కొడుకుతో.

పొద్దున డేల్ పెరట్లో మంచు తవ్వి కారుని బయటికి తీశాడు. రోండా తన కారువి రెండూ విప్పి తెచ్చి దానికి వెనక బిగించింది. వియెనో చేతులు కట్టుకుని ప్రతి నట్టూ బిగిసేదాకా చూసింది. తర్వాత చుట్టూ తిరిగి ఒక్కో చక్రాన్నీ బూటుతో తన్ని, వంగి, మంచు తుడిచి మరీ చూసింది. టైర్లు వేసిన రోజున 'అయిపోయింది' అని కోడలు అంటే నమ్మి కిటికీ మూసుకున్న మనిషి.

"నువ్వు సోమవారం ఎలా వెళ్తావు?" అంది.

"ఎవరినైనా అడుగుతాను."

"నేను దింపుతాను. చెప్పిన వేళకి గేటు దగ్గర ఉండాలి, నేను హారన్ కొట్టను." తలుపు తెరిచింది. "ఇప్పుడు ఎక్కు. హెల్మీ దగ్గరికి."

మలుపు దగ్గరపడుతుంటే వియెనో భుజాలు బిగుసుకోవడం, పెదాలు కదలడం రోండా చూసింది. కారు నెమ్మదిగా, తిన్నగా తిరిగింది. మంచు గట్టులో గురువారం నాటి గుంట ఇంకా సగం పూడకుండా అలాగే ఉంది. వియెనో దాని వైపు చూడలేదు. రోండా చూసింది.

హెల్మీ ఇంటి ముందు కారు ఆగింది. వియెనో ఇంజను ఆపలేదు.

"నువ్వు వెళ్లి టైర్ల సంగతి చెప్పు. నేను ఇక్కడే ఉంటాను."

"మీరూ రండి అత్తయ్యా."

"నేనుంటే నా మొహం చూసి నిన్నేమీ అనదు."

రోండా దిగింది. మెట్ల మీద ఎవరూ మంచు తీయలేదు. ఒంటి చేత్తో పార పట్టడం కుదరదు కదా. గోడకి ఆనించి ఉన్న పార తీసుకుని కింది మెట్టు నుంచి మొదలుపెట్టింది. పై మెట్టు దాకా వచ్చేసరికి, తలుపు తట్టక్కర్లేకుండానే హెల్మీ తలుపు తీసి నిలబడి ఉంది.