నవీన కడుపులో గడ్డ

నా బిడ్డ కడుపులో గడ్డ ఉందని ఖానాపూర్‌లో స్కానింగ్ చేసినాయన చెప్పగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు ఏదొచ్చినా ముందు కోపమే వస్తుంది. ఏడేళ్ల నవీన పది రోజులుగా రెండు ముద్దలు తింటే చాలు, కక్కుతోంది. బొడ్డు పైన చెయ్యి పెడితే గట్టిగా తగులుతోంది. క్యాన్సర్ కూడా కావచ్చు, కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడు.

పిల్లకు బాగాలేదని విని వచ్చిన మా అత్తమ్మ గంగుబాయి బస్సులో దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఎండాకాలం సెలవులన్నీ పిల్ల ఉట్నూర్ దగ్గర ఆమె ఊళ్లోనే గడిపింది. "నెలన్నర నీ దగ్గరుంచితే గిట్లనా పంపేది?" అని నేను జగిత్యాల దాకా సాధిస్తూనే ఉన్నాను. ఆమె పిల్ల తల నిమురుతూ కిటికీ బయటికే చూసింది.

కరీంనగర్‌లో పిల్లల సర్జన్ శ్యాంసుందర్ గారు కడుపు మెల్లగా తడిమి చూశారు. గడ్డ ఆయన వేళ్ల కింద అటూ ఇటూ జరిగింది.

"పిల్ల వెంట్రుకలు, సుద్దముక్కలు గట్ల ఏమన్న తింటదా అమ్మా?"

"బయటిదేదీ ముట్టది సార్. నేను గట్ల పెంచలే," అన్నాను గొప్పగా.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తునికిపండ్లు తిన్నది సారూ. అడవిలకెల్లి నేనే తెచ్చేది. రోజూ ఒడినిండ. సగం దోరయే, తోలుతోటే మింగేది."

తునికి అంటే బీడీ ఆకు చెట్టే. డాక్టరు గారి ముఖం తేటపడింది. నోట్లోంచి కెమెరా గొట్టం దింపి చూశారు. క్యాన్సర్ కాదు. సరిగా మాగని పండు గుజ్జు కడుపులోని ఆమ్లం తగిలి, తోళ్లతో కలిసి ముద్దకట్టి గట్టిపడిందట. నా గుండెల మీది బండ దిగింది.

కోత అక్కర్లేదన్నారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కూల్‌డ్రింక్ ఎక్కిస్తే ముద్ద మెత్తబడుతుందట. ఆ సీసా ఇంట్లోకి తెస్తే కాళ్లు విరగ్గొడతానని మొగుణ్ణి బెదిరించినదాన్ని, నేనే దుకాణానికి పరుగెత్తి నాలుగు తెచ్చిచ్చాను. రెండు రోజులయ్యాక ముద్దను లోపలే ముక్కలు చేసి నోటి గుండా తీసేశారు.

మర్నాడు నవీన ఇడ్లీ తిని, ఇంకోటి అడిగింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, ఆపుకున్నా ఆగకుండా.

"ముందుగాల్నే ఎందుకు చెప్పలే అత్తమ్మా?" అని అడిగాను, మెల్లగానే.

ఆమె నా వైపు చూడలేదు. "చెప్తే మళ్ల పిల్లను నా దగ్గరికి పంపవనుకున్న."

అందులో అబద్ధం లేదు. పంపేదాన్ని కాదు. నా నోటికి జడిసి ఆమె దాచిన మాట నా బిడ్డను కోత దాకా తెచ్చేదే.

"దసరాకు పంపుత," అన్నాను. "ఏం పెట్టినా ఫోన్ చేసి చెప్పు. నేను తిట్టను."

"తిట్టు బిడ్డా," అంది అత్తమ్మ. "పిల్లనైతే పంపు."