సీసాలో కలరా ఉండలు

మా దుకాణంలోకి వచ్చినవాళ్లకు ముందు వాసన తగులుతుంది, తర్వాతే మేం కనిపిస్తాం. బట్టల పెట్టెల్లోనూ పుస్తకాల బీరువాల్లోనూ వేసుకునే కలరా ఉండలు మా సరుకు. బస్తాల్లో కొని కిలోల్లో అమ్ముతాం. గోదాం తాళాలు అక్క మొగుడి దగ్గర ఉండేవి. పదకొండేళ్లలో బావ ఒక్క రోజు కూడా ఆలస్యంగా తలుపు తీయలేదు.

ఆ ఏడు ఎండలు మొదలయ్యే ముందు నాన్న అన్నాడు: "ఎండలు పోయాక సరుకంతా తూద్దాం. తేడా రాకపోతే అల్లుణ్ణి దుకాణంలో వాటాదారుగా రాయిస్తా."

అక్క కాలు నేల మీద ఆగలేదు. నేను లెక్క వేసుకున్నాను. బావ వాటాదారు అయితే నాకు మిగిలేది సగం. చెడ్డవాడయితే ఎప్పుడో ఒకప్పుడు పంపించెయ్యొచ్చు. బావ మంచివాడు, ఆ దారి లేదు.

నేను ఒక్క ఉండ కూడా దొంగిలించలేదు. రెండు పనులు చేశానంతే. లోపలి గదికి సున్నం వేయించాలని చెప్పి, చల్లగా ఉండే ఆ రాతిగోడల మధ్య నుంచి నలభై బస్తాలను రేకుల షెడ్డులోకి మార్పించాను. తర్వాత బావతో, "చెమ్మ పట్టి ఉండలు అతుక్కుపోతాయి, ప్లాస్టిక్ సంచుల మూతులు విప్పి పెట్టు," అన్నాను.

"అలాగేలే," అన్నాడు. ఎందుకని అడగలేదు.

ఎండలు పోయాయి. తూకం వేస్తే రెండు బస్తాల బరువు తగ్గింది. షెడ్డు తాళం వేసింది వేసినట్టే ఉంది.

"ఎలుకలు తిన్నాయందామంటే, ఈ వాసనకి అవి పక్క వీధిలోంచే పారిపోతాయి," అన్నాడు నాన్న.

"బావ చొక్కా వాసన చూడు నాన్నా. రోజూ ఎంతో కొంత ఇంటికెళ్తూనే ఉంది," అన్నాను నవ్వుతూ. నవ్వుతూ అన్నాను కాబట్టి ఎవరూ నన్ను నిలదీయలేదు. మాట మాత్రం నిలబడిపోయింది.

బావ చెవులు ఎర్రబడ్డాయి. "నెల గడువివ్వండి మామయ్యా. ఎక్కడికి పోయిందో చూపిస్తాను."

నెలయ్యాక ఒక గాజు సీసా, ఒక పళ్లెం పట్టుకొచ్చాడు. వెనకాలే అక్క. పది ఉండలు సీసాలో వేసి మూత బిగించాడట, మరో పది పళ్లెంలో పెట్టాడట, బరువులు తూచి చీటీలో రాసుకుని రెండింటినీ రేకుల షెడ్డులోనే ఉంచాడట. మా ఎదుట తూచాడు. సీసా బరువు చీటీలో రాసినంతే ఉంది. పళ్లెంలోవి శనగగింజలంత అయ్యాయి. సీసా మూత లోపలివైపు తెల్లటి పొరలు మెరుస్తున్నాయి.

"ఏ వస్తువయినా కంటికి కనిపించని రేణువుల గుంపే మామయ్యా. అవి ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి," అన్నాడు బావ. "సినిమా హాలు అనుకోండి. కుర్చీల్లో కూర్చున్న జనం కాళ్లు ఊపుతుంటారు గానీ చోటు వదలరు. అది గట్టి వస్తువు. ఇంటర్వెల్లో ఒకరినొకరు రాసుకుంటూ నడవాలో జారుతుంటారు. అది నీళ్లలాంటిది. ఆట వదిలాక వీధిన పడి తలో దిక్కూ పోతారు. అది గాలి. ఈ ఉండల్లో అంచు కుర్చీల వాళ్లకి ఇంటర్వెల్ దాకా ఓపిక ఉండదు, నేరుగా వీధిలోకే. ఎండ పెరిగితే ఊపు పెరుగుతుంది, ఇంకా ఎక్కువ మంది లేస్తారు. మనకి తగిలే వాసన అదే. మూత ఉంటే లోపలే తిరిగి, చల్లబడ్డాక మళ్లీ ఇలా పేరుకుంటాయి."

అక్క ముఖంలో వెలుగొచ్చింది. నాన్న సీసాను తిప్పి తిప్పి చూశాడు.

"బాగా చెప్పావు బావా," అన్నాను. "మరి హాలు గేటు తెరిచిపెట్టింది ఎవరు?"

"నువ్వే కదా మూతులు విప్పమన్నావు!"

"నాకేం తెలుసు? నాకు చెమ్మ సంగతే తెలుసు. ఇంత తెలిసినవాడివి, తెలియనివాడి మాట విని ఎలా విప్పావు?"

"అప్పటికి నాకూ తెలీదు. కొరత వచ్చాకే మా పాప పాఠాల పుస్తకంలో చదివాను."

అతను అబద్ధం చెప్పి ఉంటే నాకు కొంచెం కష్టమయ్యేది. నాన్న సీసాను బల్ల మీద పెట్టాడు.

"దొంగవి కాదు అల్లుడూ. ఆ మాట నలుగురిలో నేనే చెబుతాను. కానీ సరుకు సంగతి తెలియనివాడికి తాళాలెందుకు?"

బావ తాళాల గుత్తిని సీసా పక్కన పెట్టాడు. కాసేపు దాని మీంచి చెయ్యి తీయలేదు. తర్వాత పళ్లెం మాత్రం తీసుకుని మెట్లు దిగాడు.

అక్క గుమ్మంలో ఆగింది. "నీకు ముందే తెలుసు కదరా?"

"తెలుసు."

"నాన్నతో చెప్తాను. ఇప్పుడే చెప్తాను!"

"చెప్పు. ముప్పై ఏళ్లుగా ఇదే సరుకు అమ్ముతున్న మనిషికి అది ఆవిరవుతుందని తెలియదనుకున్నావా? నేను బస్తాలు మార్పించిన రోజు ఆయన షెడ్డు ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు."

అక్క లోపలికి చూసింది. నాన్న చీటీలు సర్దుతున్నాడు. తల ఎత్తలేదు. అక్క దిగిపోయింది. మళ్లీ మా మెట్లెక్కలేదు.

సీసా ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. తూకం తగ్గిందని సరుకు కొన్నవాళ్లెవరైనా గొడవకొస్తే దాన్ని చూపించి సినిమా హాలు కథ చెబుతాను. బావ చెప్పినంత బాగా నాకు రాదు. అయినా వింటారు, తలూపుతారు, తగ్గిన బరువుకి కూడా డబ్బిచ్చి వెళ్తారు.