అంచున ఎర్రసిరా

పక్కింటి దానమ్మ చేతిపంపు దగ్గర అన్నదట. అది విన్న మార్తమ్మ, గుడి ఊడ్చే సౌభాగ్యంతో చెప్పిందట. సౌభాగ్యం చీపురు చంకలో పెట్టుకుని పాస్టరమ్మగారికి చెబుతుంటే బల్లమీద పడి ఉన్న నేను విన్నాను. సుందరమ్మ ముసలమ్మ దగ్గరున్న ఆ అద్దం మంచిది కాదట. దాన్లోంచి చూస్తే బైబిల్లో లేని మాటలు కనపడతాయట. ఏసోబు మొక్కు చెల్లకుండా పోయింది దానివల్లేనట. దాన్ని ఇంట్లో పెట్టుకుంటే పాస్టరుగారికి కూడా కళ్ళు తిరుగుతాయట.

ఆ అద్దాన్ని నేనే.

నేను ఒక భూతద్దాన్ని. అక్షరాన్ని పెద్దది చేసి చూపడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. అర్థాన్ని పెద్దది చేసుకోవడం మనుషులు వాళ్ళంతట వాళ్ళే చేసుకుంటారు. దానికి నా సాయం ఎప్పుడూ అడగలేదు. దానమ్మ అన్నదాంట్లో నిజం ఎంతో నాకు తెలియదు. ఎనభై ఏళ్ళుగా ఒకే పేజీని నలుగురి చేతుల్లోంచి చూశాను, అయినా తెలియదు. నాకు తెలిసినంత చెబుతాను, తేల్చుకోవడం మీ వంతు.

ఏదో చలిదేశంలో ఇసుకను కరిగించి, అరగదీసి, చుట్టూ ఇత్తడి కట్టు బిగించారు. ఓడెక్కి మద్రాసు చేరాను. కళ్ళజోళ్ళ దుకాణంలో దుమ్ము పట్టి పడి ఉండగా హార్లిన్ దొర నన్ను కొన్నాడు. ఆయన పల్నాటి మిషను బంగళాలో ఉండేవాడు. హెబ్రీ లేఖనాల పాత తెనుగు తర్జుమాను దిద్దే పని ఆయన నెత్తిన పడింది. ఆ హెబ్రీ అక్షరాలు కుడివైపు నుంచి ఎడమవైపుకు నడుస్తాయి. కింద చీమతల అంతంత చుక్కలు. ఒక చుక్క అటయితే ఒక మనిషి బతుకు ఇటవుతుందని దొర అంటుండేవాడు. అందుకని ఒక్కో చుక్కమీద నన్ను గంటసేపు నిలబెట్టేవాడు. చుక్క పెద్దదయ్యేది. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు.

తెనుగు మాట కోసం ముక్తేశ్వర శాస్త్రులుగారిని కుదుర్చుకున్నాడు దొర. శాస్త్రులుగారు రోజూ స్నానం చేసి వచ్చి, వరండాలో వేరే పీట వేసుకుని కూర్చునేవారు. బంగళా మంచినీళ్ళు ముట్టేవారు కాదు. బంగళా పుస్తకంలోని కథల్లో మాత్రం మెడలోతు దిగిపోయేవారు. అది దోషం కాదని ఆయన లెక్క. ఆ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు.

ఒకనాడు యెఫ్తా కథ దగ్గరకు వచ్చారు. యెఫ్తా అనేవాడు యుద్ధానికి పోతూ దేవుడికి మొక్కుకుంటాడు. నన్ను గెలిపిస్తే, తిరిగొచ్చే వేళ నా ఇంటి గుమ్మంలోంచి నాకు ఎవరు ఎదురొస్తే వారిని నీకిచ్చేస్తాను అని. గెలిచి వస్తాడు. తప్పెట వాయించుకుంటూ, ఆడుకుంటూ ఎదురొచ్చింది అతని కూతురు. ఒక్కగానొక్క పిల్ల. తండ్రి బట్టలు చింపుకుంటాడు. కానీ మొక్కు మొక్కేనంటాడు. పిల్ల రెండు నెలలు గడువడిగి, స్నేహితురాళ్ళతో కొండలెక్కి ఏడ్చి, తిరిగి వస్తుంది.

"తరవాత?" అన్నారు శాస్త్రులుగారు.

"మొక్కుకున్న ప్రకారం చేశాడు అని ఉంది," అన్నాడు దొర.

"అంటే చంపాడా?"

"మొక్కుకున్న ప్రకారం చేశాడు. అంతే ఉంది."

శాస్త్రులుగారు కలం కింద పెట్టారు. "దొరగారూ, పిల్ల రెండు నెలలు కొండలమీద ఏడుస్తుంటే ఊరు ఊరంతా విని ఉంటుంది గదా. ఒక్కడూ వచ్చి ఇదేమిటయ్యా అని అడగలేదంటే నన్ను నమ్మమంటారా?"

"నేనూ నమ్మను శాస్త్రిగారూ. కానీ లేని మాట చేర్చకూడదు. మీరు మాట చెప్పండి. అర్థం చెప్పవద్దు."

శాస్త్రులుగారు మూడురోజులు రాలేదు. నాలుగోనాడు వచ్చి, దిద్దడానికి అచ్చువేసిన చిత్తు కాగితం అంచున ఎర్రసిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు రాశారు: "అప్పుడు ఆ ఊరివారు వచ్చి, మొక్కిన నోరు నీది, ఈ పిల్ల ప్రాణము నీది కాదు అని అతనికి అడ్డు నిలిచిరి." దొర చదివాడు. తరవాత పెన్సిలు తీసుకుని దానిమీద సన్నగా ఒక గీత గీశాడు. పెన్సిలు గీత ఎంతకాలం ఉంటుంది? సిరా మాత్రం కాగితంలోకి ఇంకి కూర్చుంది. సిరాతో కొట్టేయగలిగిన దొర పెన్సిలు ఎందుకు తీసుకున్నాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

దొర దేశం వదిలి వెళ్ళేటప్పుడు ఆ చిత్తుకాగితాలన్నీ తోలు అట్టలో కుట్టించి, నన్నూ జతచేసి, జక్కరయ్య అనే పడుచు ఉపదేశికి ఇచ్చాడు. పల్లెల్లో పాస్టరు లేనిచోట వాక్యం చదివి, ప్రార్థన చేసేవాణ్ణి ఉపదేశి అంటారు. జక్కరయ్య నన్నూ ఆ పుస్తకాన్నీ సైకిలుకు కట్టుకుని ఎర్రబోడుపాలెం వచ్చాడు. అతని పెళ్ళాం సుందరమ్మ. దారిలో గుంతకు నా పిడి విరిగితే, తుమ్మకర్ర చెక్కి కొత్త పిడి వేశాడు. ఇప్పటికీ నాది ఆ పిడే.

నలభై ఏళ్ళు చదివాడు జక్కరయ్య. ఏటా ఒకసారి యెఫ్తా అధ్యాయం వచ్చేది. వరసవెంట నన్ను జరుపుకుంటూ చదివేవాడు. పిల్ల కొండ దిగే చోటికి రాగానే ఆగేవాడు. నన్ను ఎత్తి, ఉత్తరీయంతో తుడిచి, పక్కన పెట్టేసేవాడు. తరవాత తలెత్తి జనాన్ని చూస్తూ గట్టిగా అనేవాడు: "అప్పుడు ఆ ఊరివారు వచ్చి, మొక్కిన నోరు నీది, ఈ పిల్ల ప్రాణము నీది కాదు అని అతనికి అడ్డు నిలిచిరి." ఆడవాళ్ళు ముక్కు చీదుకునేవారు. మగవాళ్ళు తల ఊపేవారు.

ఆ పుస్తకం మొత్తంలో నన్ను పక్కన పెట్టి చదివిన మాట అదొక్కటే. అది అచ్చులోది కాదని జక్కరయ్యకు తెలుసా? తెలిసే చదివాడా? దొరగారి పుస్తకంలో ఉన్నదంతా దేవుడి మాటే అనుకున్నాడా? ఎన్నిసార్లు ఆలోచించినా ఒకసారి అట్లా, ఒకసారి ఇట్లా తోస్తుంది. అతను చచ్చిపోయాక అడగడానికీ లేదు. మొత్తానికి నలభై ఏళ్ళలో ఆ మాట ఎర్రబోడుపాలెంలో వాక్యమైపోయింది. చదువురాని సుందరమ్మతో సహా అందరికీ కంఠస్థం.

ఇక ఏసోబు సంగతి.

ఏసోబుకు రెండెకరాల మిరప. నాలుగు బోర్లు వేశాడు, నాలుగూ దుమ్మే పోశాయి. ఐదోది వేసేముందు, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల ఆదివారంనాడు గుడిలో లేచి నిలబడి, నీళ్ళు పడితే మా పెద్దపిల్ల సువార్తను దేవుడి సేవకిచ్చేస్తానని మొక్కుకున్నాడు. ఈ ఊళ్ళో ఒక ఆచారముంది. గుడిలో నిలబడి మొక్కుకుంటే సంఘమంతా మూడుసార్లు ఆమెన్ అంటుంది. మూడు ఆమెన్లు పడ్డ మొక్కును వెనక్కు తీసుకోరు. అన్నవాళ్ళందరూ సాక్షులే. ఆనాడు మూడు ఆమెన్లూ పడ్డాయి. నాలుగువందల అడుగుల్లో నీళ్ళూ పడ్డాయి.

సేవ అంటే ఊరికే పాటలు పాడటం కాదు. నెల్లూరు అవతల ఎక్కడో తెల్లచీరల ఆశ్రమం. వెళ్ళిన ఆడపిల్లకు పెళ్ళి లేదు, ఉద్యోగం లేదు, మళ్ళీ ఇల్లు లేదు. సువార్త గుంటూరులో నర్సింగు ఆఖరి ఏడాదిలో ఉంది. ఇంకో మూడు నెలలుంటే చేతికి సర్టిఫికెట్టు వస్తుంది. ఊళ్ళో చక్కెర జబ్బు ముసలివాళ్ళకు సెలవుల్లో ఆ పిల్లే సూది వేస్తుంది. సుందరమ్మ కాలి పుండుకు కట్టు కట్టేదీ ఆ పిల్లే. సోమవారం బస్సుకు పెట్టె సర్దమని ఏసోబు చెప్పాడు.

సువార్త ఏడవలేదు. శనివారం సుందరమ్మ గుడిసెకు వచ్చింది. సుందరమ్మ ఊరి పిల్లలందరికీ అమ్మమ్మే.

"అమ్మమ్మా, తాతయ్య చదివే మాట ఉందిగా, మొక్కిన నోరు నీది అని. అది నాన్నకు చూపిస్తా. పుస్తకం ఇయ్యి."

"తీసుకుపోవే తల్లీ. అద్దం కూడా తీసుకుపో, మీ కొత్త పాస్టరుకు కళ్ళు ఆనవు," అన్నది సుందరమ్మ.

ఆదివారం ఆరాధన అయ్యాక సువార్త ఆ పేజీ తెరిచి, నన్ను దానిమీద పెట్టి, పాస్టరు కృపానిధి చేతికి ఇచ్చింది. జనం కదల్లేదు. కృపానిధి పడుచువాడు, చదువుకున్నవాడు, కాలేజీలో హెబ్రీ కూడా కొంచెం నేర్చుకున్నాడు. మంచివాడు కూడా. అక్కడే వచ్చింది చిక్కు. నన్ను జరిపాడు, ఆపాడు. దగ్గరకు తీశాడు, దూరం పెట్టాడు. ఎర్రసిరా ఎప్పుడో నల్లబడింది, ఆ ముత్యాల్లాంటి అక్షరాలు ఉత్త కంటికి అచ్చులాగే ఉంటాయి. అచ్చక్షరం కాగితాన్ని నొక్కుతుంది, చేతిరాత సిరా వేళ్ళు చాపుతుంది. నేను ఆ రెండూ దాచలేను. నా పుట్టుకే అంత. ఆ పిల్ల నన్ను నమ్మి తీసుకొచ్చింది. ఆ పిల్లకున్న ఒక్క ఆసరాను పోగొట్టింది నేనే.

"ఇది ఎవరో చేత్తో రాసింది," అన్నాడు కృపానిధి మెల్లగా. తన దగ్గరున్న కొత్త తర్జుమా తీశాడు, ఇంకో తర్జుమా తీశాడు. "ఇందులో లేదు. ఇందులోనూ లేదు. హెబ్రీ మూలంలోనూ లేదమ్మా."

గుడి గోలెత్తిపోయింది. కొత్త బైబిల్లో మన వాక్యం తీసేశారని ఒకరు. జక్కరయ్య తాత అబద్ధం చదివాడా అని ఒకరు. ఇంకేమేం తీసేశారో చూడండి అని ఇంకొకరు.

"అట్టయితే ఆ పిల్ల ఏమయినట్టు అయ్యగారూ? చంపాడా లేదా?" వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

"మొక్కుకున్న ప్రకారం చేశాడు అని ఉంది. అంతే ఉంది," అన్నాడు కృపానిధి. ఎనభై ఏళ్ళ కిందట బంగళా వరండాలో విన్న మాట మళ్ళీ విన్నాను. "చంపాడని కొందరు పండితులంటారు. చంపలేదు, పెళ్ళి లేకుండా దేవుడి మందిరానికి ఇచ్చేశాడని కొందరంటారు. నాకు రెండోదే నిజమేమో అనిపిస్తది."

ఆయన దయతోనే అన్నాడు. ఏసోబు లేచి నిలబడ్డాడు. "చూశారా! నేను చేసేదీ అదే గందా! నేనేమన్నా చంపుతున్నానా?"

"చంపితే ఒక్కరోజుతో పోయేదిగా నాన్నా," అన్నది సువార్త.

కృపానిధి గబగబా పేజీలు తిప్పాడు. బైబిల్లోనే మరో కాండంలో, మొక్కుగా ఇచ్చిన మనిషికి బదులు సొమ్ము చెల్లించి విడిపించుకునే ఏర్పాటుందని, దాన్నీ చూడాలని అన్నాడు.

"బదులు తీసుకుని ఊరుకునే దేవుడైతే నాలుగు బోర్లు ఎందుకు ఎండగొట్టాడయ్యా?" అన్నాడు ఏసోబు. కూతురువైపు చూడలేకపోతున్నాడు. అతనికి ఆ పిల్ల అక్కర్లేక కాదు. రేపు మోటారు వేస్తే దుమ్ము వస్తుందేమోనన్న భయం.

ఆ భయం అతనొక్కడిదే కాదు. దానమ్మ మొగుడు ఏలియా లేచాడు. "మూడు ఆమెన్లు పడ్డయ్. మొక్కు తప్పితే నీళ్ళు ఉంటయ్యా? పిల్లకు మాత్రం పుణ్యం కాదా?" చుట్టుపక్కల నలుగురైదుగురు అవునవునన్నారు. ఏసోబు బోరులోంచి ఆ నలుగురి మిరప చేలకూ పైపులు సాగాయని నాకు తరవాత తెలిసింది. ఆరోజు ఆమెన్ గట్టిగా అన్నది కూడా వాళ్ళేనట. దీన్నిబట్టి ఏమనుకోవాలో మళ్ళీ నాకు తెలియదు. చుక్క ఎంత పెద్దది చేసినా, ఆ చుక్క వెనక నిలబడ్డ మనిషి నాలో కనపడడు.

అప్పుడు సుందరమ్మ లేచింది. ఒక చెయ్యి సువార్త భుజంమీద, ఒక చెయ్యి కర్రమీద.

"నా మొగుడు లేనిది చదివాడు. సరే. పైకి పోయాక ఆయన్ను నేను అడుగుతా, మీరు అడగబాకండి. ఆ మాట అందులో లేదంటారు అయ్యగారూ. అంటే ఆ పిల్ల కొండమీద రెండు నెలలు ఏడిస్తే, ఆ ఊళ్ళో వచ్చి అడ్డంపడ్డ మనిషి ఒక్కడూ లేడనేగా?"

కృపానిధి నన్ను బల్లమీద పెట్టేశాడు. "అట్లా అని కూడా లేదవ్వా. ఆ ఊరివాళ్ళ గురించి ఏమీ లేదు."

"ఏమీ లేదుగా." ముసలమ్మ మెల్లగా వెనక్కు తిరిగింది. ఏసోబును చూడలేదు. ఆమెన్ అన్న వరసలను చూసింది. ఏలియా దగ్గర చూపు ఆపింది.

"మరి మన ఊళ్ళోనూ ఎవడూ లేడని రాసుకోమంటారా?"