గోడ దాటిన దుర్భిణి

పాలకొల్లు దగ్గర కొబ్బరితోటల మధ్య ఉంది వెంకటరాజు గారి లోగిలి. ఆ ఇంటి ఆడవాళ్ళకు ఘోషా. ప్రహరీ దాటి కొంగు చివర కూడా వీధికి కనిపించకూడదు. అలాంటి ఇంట్లో రాజుగారికి పట్టిన పిచ్చి ఏమిటయ్యా అంటే, ఆకాశం చూడటం. దొరల దగ్గర దుర్భిణి ఒకటి కొనుక్కుంటే పోయేది కదా! అబ్బే, తనే చేసుకోవాలట.

రాజమండ్రి నుంచి తెప్పించిన ఇంగ్లీషు పుస్తకంలో రెండు నమూనాలున్నాయి. ఒకటి పొట్టిది. అద్దం నడుమ చిల్లు వేస్తే, కింద కూర్చునే ఆ చిల్లులోంచి చూసుకోవచ్చు. కాకపోతే చిన్న అద్దంతో సరిపెట్టుకోవాలి, చిల్లు వేసేటప్పుడు పెద్దది పగులుతుంది. రెండోది నిలువెత్తు మనిషికి రెండింతలు. దానికి పళ్ళెమంత అద్దం పెట్టొచ్చు గాని, నిచ్చెనెక్కి పైకొన దగ్గర కన్ను పెట్టాలి.

భార్య శ్యామలాంబ పొట్టిదే చేద్దామంది.

“కింద నుంచైతే నేనూ చూస్తానండి. చందమామని ఒక్కసారి దగ్గరగా చూడాలనుంది.”

రాజుగారు నవ్వేశారు. చేసేదేదో పెద్దదే చేద్దాం, నీకోసం గోడ ఎత్తు పెంచిస్తాను, అదెంత పని అన్నారు. ఆవిడ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది పాపం!

అద్దమంటే గాజు కాదు, రాగీ తగరమూ కలిపి కంచరి పోసిచ్చిన బిళ్ళ. దాన్ని ఏడాది పొడుగునా సానబట్టే కురుందం పొడితో అరగదీసింది ఎవరనుకున్నారు? ఆవిడే. వెనక వసారాలో కూర్చుని, చేతులు బొబ్బలెక్కినా మానలేదు. తీరా దుర్భిణి నిలబడ్డాక ఊళ్ళో మగవాళ్ళంతా నిచ్చెనెక్కారు. ఆవిడ మాత్రం ఎక్కలేదు. చందమామను చూడాలంటే వెన్నెల ఉండాలి. ఆ వెన్నెల్లో నిచ్చెనెక్కితే గోడ మీంచి తల వీధికంతా కనిపిస్తుంది.

మరి గోడ మాటో? కోతలయ్యాక అన్నారు. కోతలయ్యాక కాలవ నీళ్ళ తగాదా వచ్చింది. ఆ తర్వాత ఏటిసూతకం, గోడ పని ముట్టుకోకూడదన్నారు. ఆవిడ రెండు మూడుసార్లు గుర్తుచేసి ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం రాజుగారికి హాయిగానే ఉంది.

ఒక పుష్కరం తిరిగిపోయింది. తుని నుంచి వచ్చిన చుట్టమొకాయన ఆ అద్దాన్ని తెగ మెచ్చుకుని, ఇంత బాగా సానబట్టింది ఎవరని అడిగాడు. శ్యామలాంబేనని చెబుతుంటే రాజుగారికి గోడ మాట గుర్తొచ్చింది. సిగ్గేసింది. మర్నాడే తాపీవాళ్ళను పిలిపించారు.

గోడ లేచింది. పొద్దుగూకగానే రాజుగారు దుర్భిణిని చందమామ వైపు తిప్పి, తనే నిచ్చెన పట్టుకున్నారు. శ్యామలాంబ మెట్టు మెట్టూ తడుముకుంటూ ఎక్కి, కన్ను పెట్టి, చాలాసేపు అలాగే ఉంది. చాలా బాగుందనీ, ఎంత తెల్లగా ఉందోననీ చెబుతూ దిగింది. సంబరం పట్టలేక ఆయనా ఎక్కి చూశారు. గొట్టంలో ఉత్త చీకటి. ఆవిడ ఎక్కేలోపే చందమామ పక్కకు జరిగిపోయింది.

సరిగ్గా తిప్పుతాను, మళ్ళీ చూడమన్నారు. కిందనున్న ఆవిడ కదల్లేదు.

“ఎన్నిసార్లు తిప్పినా ఒకటేనండి. నా కళ్ళకి ఎప్పుడో పొరలు కమ్మేశాయి.”

చందమామలో గుంటలన్నీ కంఠతా వచ్చిన పెద్దమనిషికి, ఇంట్లో పెళ్ళాం గోడలు పట్టుకుని తిరగడం కనబడలేదు. నిచ్చెన దిగి వచ్చి, ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు.

“ఇన్నాళ్ళకి నాకోసం గోడ కట్టిస్తున్నారు కదండీ,” అంది శ్యామలాంబ. “ఎలా చెప్పను?”