కోసేసిన అంచు

ఫ్రేము కట్టేవాడికి బొమ్మతో పెద్దగా పని ఉండదు. కొలతతోనే పని. గొడుగులు బాగుచేసే కొట్టు పక్కన, మూడు మెట్లు దిగి వెళ్ళాల్సిన గదిలో యాభై ఏళ్ళకు పైగా ఫ్రేములు కడుతున్న ముసలాయనకు ఈ సంగతి బాగా తెలుసు. వీధిలో అందరూ ఆయన్ని ఫ్రేముల తాత అంటారు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పదిలోనూ ఆరు అంకెలే.

ఆ రోజు పొద్దున్న ఎవరిదో కుటుంబం ఫొటో బల్లమీద పరిచాడు. ఫ్రేముకన్నా ఫొటో వేలెడు పొడుగుంది. ఇనుప బద్ద ఆనించి కింది అంచు సర్రున కోసేశాడు. పైన కోస్తే తలలు పోతాయి. పక్కన కోస్తే మనుషులు పోతారు. కింద అయితే నేలే కదా. ఈ పని చేసేవాళ్ళంతా అలాగే కోస్తారు. తప్పని ఎవరూ అనరు.

అప్పుడే మ్యూజియంలో పనిచేసే అమ్మాయి ఒకతె ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"తాతగారూ, పోయిన వందేళ్ళలో బొమ్మలు వేసిన ఆడవాళ్ళ కోసం మా దగ్గర ఒక గది పెడుతున్నాం. లైబ్రరీలో, ఆస్పత్రిలో, పెద్ద బడిలో, మా పెద్ద హాల్లో ఉన్న నీటిరంగుల బొమ్మలన్నీ మీ బావగారి పేరు మీదే ఉన్నాయి. చివరి ఇరవై ఏళ్ళూ ఆయనకు చూపు ఆనేది కాదట కదా. మరి అవన్నీ ఎవరు వేసినట్టు?"

తాత చేతిలో కత్తి ఆగింది.

"మా అక్క."

"నేనూ అదే అనుకున్నా!" ఆ అమ్మాయి ముఖం విప్పారింది. "ఆవిడ ఉన్నారా? ఉన్నారు కదా! రుజువు ఏదైనా దొరుకుతుందా తాతగారూ? సంతకమో, ఉత్తరమో? కాగితం లేకపోతే మా పెద్దాయన గోడమీద పేరు రాయనివ్వరు."

"పేరు రాసేది. కింది అంచున."

"బొమ్మల మీద ఎక్కడా కనబడలేదే?"

తాత నేలమీద పడిన ఫొటో ముక్కకేసి చూశాడు.

"నేను కోసేశాను," అన్నాడు.

ఆయన బావ చెడ్డవాడేం కాదు. మొదట్లో బొమ్మలు ఆయనే వేసేవాడు. పనులు ఎక్కువయ్యాక ఆకాశాలు అక్క నింపేది. తర్వాత చెట్లు ఆమెవయ్యాయి. బావ చూపు మందగించాక మనుషులు, ముఖాలు, మొత్తం బొమ్మ ఆమెదే. పని ఒప్పుకునేది బావ కాబట్టి ఆయన సంతకం కాస్త పైగా, లావుగా, అందరికీ కనబడేట్టు ఉండేది. అక్క పేరు అట్టడుగున గడ్డి దుబ్బుల మధ్య, సన్నటి కుంచెతో, మట్టి రంగులో.

మొదటిసారి కత్తి పెట్టబోతూ తాత అడిగాడు కూడా.

"బావా, ఇక్కడ అక్క పేరుంది. పోతుంది."

"ఓహో, మా బావమరిదికి నోరొచ్చిందే!" అని బావ నవ్వాడు. "పోతే పోనీరా. బొమ్మ ఉంటుందిగా. పెద్ద ఫ్రేము చేయించాలంటే ఇంకో వారం."

అక్క అక్కడే కుంచెలు కడుగుతోంది. "కొయ్యిరా చిన్నాడా. నా పేరు చూసి కొనేదెవరు?" అంది.

ముగ్గురూ నవ్వుకున్నారు. అంతే, ఆ తర్వాత నలభై ఏళ్ళలో తాత మళ్ళీ అడగలేదు. ఆమె మాత్రం ప్రతి బొమ్మ కిందా పేరు రాస్తూనే వచ్చింది. తమ్ముడు కోసేస్తాడని తెలిసీ రాసింది. ఆ సంగతి తాతకు ఈ రోజు ఆ అమ్మాయి ఎదుట నిలబడితే గానీ తట్టలేదు.

"ముక్కలు పారేయలేదు," అన్నాడు ఉన్నట్టుండి. "మైదా జిగురు రాసి ఫ్రేము సందుల్లో దూర్చేవాణ్ణి. వెనక అట్ట కదలకుండా."

"అయితే అన్నీ లోపలే ఉన్నాయన్నమాట!"

వారం రోజులు ఇద్దరూ తిరిగారు. పదకొండు ఫ్రేములు విప్పారు. లైబ్రరీ బొమ్మ వెనక గుప్పెడు పొడి రాలింది. బడిలోనూ అంతే. మైదా రుచి మరిగిన పురుగు కాగితాన్ని మిగల్చలేదు. ఆఖరుది ఆస్పత్రిలో, మందులిచ్చే కిటికీ పక్కన ఉంది. దాని సందులోంచి జానెడు ముక్క పూర్తిగా బయటికి వచ్చింది. తాత దాన్ని బొమ్మ కింద ఆనించాడు. గడ్డి గడ్డితో కలిసింది. పేరు ఉండాల్సిన చోట మాత్రం బొటనవేలంత చిల్లు.

తాత మందుల కోసం నిలబడ్డవాళ్ళ వరస పక్కన నేలమీదే కూలబడ్డాడు.

"ఇంకో దారుంది," అంది అమ్మాయి. "ఆవిడతో ఇప్పుడు ఒక్క బొమ్మ వేయించండి. చెట్టో, చెయ్యో, ఏదో ఒకటి. పాతవాటి పక్కన పెట్టి చూపిస్తాను. గీసే చేతి తీరు అబద్ధం చెప్పదు కదా."

అక్కకు ఎనభై నాలుగేళ్ళు. సంగతంతా విని జుట్టు సర్దుకుంది.

"నా పేరా? గోడమీదా?"

"ఊఁ."

"పైన రాయించరా. కింద అయితే నువ్వు ఊరుకోవు."

తాత తల వంచుకున్నాడు. అక్క నవ్వింది గానీ ఆ నవ్వులో ఏళ్ళ తరబడి ఎవరికీ చూపించని ఆశ తొంగిచూసింది. చచ్చేలోగా ఒక్కసారి తన పేరు తన బొమ్మ పక్కన చూసుకోవాలి. అంతకు మించి ఆమె కోరింది లేదు.

కిటికీ పక్కన కుర్చీ వేశాడు. కాగితం పరిచాడు. కుంచె తడిపి ఇచ్చాడు. మొదటి కాగితం మీద కొమ్మ పక్కకు జారింది. రెండోదాని మీద రంగు ముద్దగా పడింది. మూడోసారి ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని గీసింది. నాలుగో కాగితం మీద చుక్క పెట్టి, కుంచె నీళ్ళలో వేసేసింది.

"చూశావా చిన్నాడా, ఊళ్ళోవాళ్ళను అనడం ఎందుకు? నా చెయ్యే నాకు సాక్ష్యం చెప్పనంటోంది."

అయినా గది తెరిచే రోజు ఆమె వెళ్దామంది. చేయి పట్టుకుని తీసుకెళ్ళాడు. పెద్ద హాలు నిండా ఆమె వేసిన బొమ్మలు, వాటి పక్కన బావ పేరు. అది దాటి వెళ్తే మూలన చిన్న గది. గోడలకు తొమ్మిది బొమ్మలు. అందులో ఆమెది ఒక్కటీ లేదు. మ్యూజియం అమ్మాయి దూరంగా నిలబడి వీళ్ళకేసి చూడలేకపోయింది.

మ్యూజియం పెద్దాయన మైకు దగ్గరికి వచ్చాడు.

"మన దగ్గర బొమ్మలు వేసిన ఆడవాళ్ళు చాలా తక్కువమంది. గది చిన్నదైంది అందుకే. ఉన్న ఆ కొద్దిమందినైనా గౌరవించుకుందాం."

అందరూ చప్పట్లు కొట్టారు. వణికే చేతులతో అక్క కూడా కొట్టింది. తాత ఓర్చుకోలేకపోయింది దాన్నే. లేచి నిలబడ్డాడు.

"తక్కువమంది కాదండీ. వేశారు. మీరు దాటి వచ్చిన హాలంతా ఈవిడే వేసింది. పేరు కూడా రాసింది. నేను కోసేశాను. ఎవరూ కొయ్యమని బలవంతపెట్టలేదు. కొలత సరిపోలేదని కోశాను. తమ్ముణ్ణి నేను. మా ఇంట్లో ఇలా పోయింది. మిగతా ఇళ్ళల్లో ఎలా పోయాయో అక్కడివాళ్ళను అడగండి."

జీవితంలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

"పెద్దవారి బాధ అర్థమైంది," అన్నాడు పెద్దాయన మెల్లగా. "కాకపోతే రుజువు లేనిదే మేం ఏమీ చెయ్యలేం. టీ తీసుకుందాం రండి."

జనం టీ దగ్గరికి నడిచారు. కప్పుల చప్పుడు మొదలైంది. అక్క తమ్ముడి చొక్కా పట్టుకుని లాగింది.

"కూర్చోరా. మోకాళ్ళు నొప్పి పుడతాయి."

ఆరు వారాల తర్వాత ఆమె పోయింది. పెద్ద హాల్లో ఆ బొమ్మల పక్కన పేరు ఇప్పటికీ మారలేదు, ఇక మారదు. చదివే అయ్యలారా, అమ్మలారా, ఆడవాళ్ళలో కళాకారులు లేరని ఎవరైనా అంటే నమ్మకండి. వాళ్ళు ఉన్నారు, పని చేశారు, పేరు కూడా రాసుకున్నారు, ఆ పేరును చెత్త కింద జమకట్టింది పరాయివాళ్ళు కాదు, వాళ్ళను ప్రేమించిన మనమే.