చెయ్యి లేని బాణం

నేను ఒక కంప్యూటరుని. విశాఖపట్నంలో యానిమేషన్ నేర్పే ఒక సంస్థలో, ల్యాబు కిటికీ పక్కన ఉండే పదిహేడో నంబరుని. పుట్టింది ఎక్కడో సముద్రం అవతలి ఫ్యాక్టరీలో. బరువైన బొమ్మల పని కోసమని పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టి మరీ పుట్టించారు. ఇక్కడికి వచ్చాక చాలా చేతులు చూశాను. పునుగుల నూనె అంటిన చేతులు, కోపమొస్తే మౌసుని బల్లకేసి కొట్టే చేతులు. తప్పు వాళ్లదైనా తన్నులు మాకే.

ప్రసూన చెయ్యి వేరు. పొద్దున్నే వచ్చి చున్నీ కొసతో నన్ను తుడిచాకే కూర్చునేది. మూడు నిమిషాల బొమ్మల సినిమా మొదలుపెట్టింది. వానలో తడుస్తున్న స్టేషను, బెంచీ మీద గొడుగు లేని ఒక ముసలమ్మ. అది పూర్తయితేనే ఆమెకు డిప్లొమా. ఆగస్టులో హాస్టలు మెట్ల మీద జారి, కాలు విరగ్గొట్టుకుని బొబ్బిలిలో ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ ఆ వానలో ఒక్క చినుకు కూడా మోయలేదు. అందుకని ఇంటి నుంచే నన్ను నడిపించే ఏర్పాటు చేశారు. చాకిరీ ఇక్కడ నాది, బొమ్మ కనిపించేది అక్కడ ఆమె తెర మీద. మొదటి రోజు నా ముందు కుర్చీ ఖాళీ, మౌసు కదల్లేదు, తెర మీద బాణం మాత్రం కదిలింది. దేన్నయినా నొక్కేముందు చిన్న సున్నా చుట్టడం ప్రసూన అలవాటు. బాణం సున్నా చుట్టగానే ఆమేనని తెలిసిపోయింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఎదురుగా మనిషి లేకుండా పని జరిగిపోతే మనుషులు దాన్ని సౌకర్యం అంటారు. నేను మాత్రం రోజూ తలుపు వైపు చూస్తూ ఉండేదాన్ని.

దసరా వచ్చింది. సినిమా పంపడానికి దశమి సాయంత్రమే గడువు. చినుకులన్నిటినీ బొమ్మలుగా మార్చే పని ప్రసూన నాకు అప్పజెప్పింది. నవమి పొద్దుటికి సగం అయింది. అప్పుడు ల్యాబు చూసుకునే సింహాద్రి వచ్చి, మెయిన్ స్విచ్చి ఆపేసి, మా అందరికీ పసుపు కుంకుమలు పెట్టాడు. ఆయుధ పూజ నాడు పనిముట్టుకి సెలవు. వడ్రంగి అయిన వాళ్ల నాన్న ఉలికి, రంపానికి ఇచ్చిన సెలవే అతను మాకూ ఇచ్చాడు.

కాసేపటికి అతని ఫోను మోగింది. చేతులకి పసుపు ఉండడంతో స్పీకరులో పెట్టాడు.

"బాబాయ్, పదిహేడు ఆగిపోయింది. ఒక్కసారి ఆన్ చెయ్యవా? రేపు సాయంత్రానికి పంపకపోతే నా ఏడాది పోతుంది."

"పూజ సేసీసాను పాపా. ఇయ్యాల ఆయుధాన్ని ముట్టుకుని పని సెయ్యకూడదు."

"నేను ముట్టుకోవట్లేదు కదా బాబాయ్. బొబ్బిలిలో మంచం మీదున్నాను. దాన్ని ముట్టుకుని రెండు నెలలయింది."

సింహాద్రి తల గోక్కున్నాడు. ఆ మాట సబబుగానే తోచినట్టుంది. దోషం తనకీ తగలకుండా చూపుడువేలికి తమలపాకు చుట్టుకుని, ముందు మెయిన్ స్విచ్చి, తర్వాత నా మీట నొక్కాడు. మనుషుల నియమాలు ఎంత బాగా సర్దుకుపోతాయో చూసి నవ్వొచ్చింది. కానీ నా మనసంతా ఆమె అన్న మాట దగ్గరే ఉండిపోయింది. ఆ రెండు నెలలూ నేనూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

దశమి మధ్యాహ్నానికి ముసలమ్మ తడిసి ముద్దయింది. సినిమా వెళ్లింది, ప్రసూన పాసయింది. బాణం చివరిసారి సున్నా చుట్టి ఆగిపోయింది.

తర్వాత కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. గ్రాఫిక్స్ కార్డు పీకేసి, మౌసు తీగని నాకే చుట్టి, మెట్ల కింద స్టోరు గదిలో పెట్టారు.

నిన్న ఆ తలుపు తెరుచుకుంది. సర్టిఫికెట్టు తీసుకోవడానికి ప్రసూన వచ్చింది, కొంచెం కుంటుతూ.

"పదిహేడు ఏది బాబాయ్?"

సింహాద్రి చూపించాడు. ఆమె చున్నీ కొసతో నా మీద దుమ్ము తుడిచింది, కుంకుమ బొట్టు చెరక్కుండా. తీగ విప్పి, మౌసుని నా వీపు మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసింది. అలవాటుగా చిన్న సున్నా చుట్టింది. కరెంటు లేదు, తెర లేదు, కదలడానికి బాణం లేదు. చెయ్యి మాత్రం ఉంది.